నిజాంపట్నం: ఒండ్రు కట్టిన ఊరు

(గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి రాత రూపం)

పెద్దలకు నమస్కారం. పిల్లలు కూడా ఇంతమంది వచ్చినందుకు మరీ సంతోషం. ఈ రోజు నేను చెప్పబోయేవన్నీ మీరు ఒక రోజు సెలవు చూసుకుని వెళ్లి కళ్లారా చూడగలిగిన సంగతులే.

మొదట ఒక ప్రశ్న. మన గుంటూరు జిల్లాకు సముద్రం ఉందా? ఉందన్నవాళ్లు చేతులెత్తండి. సరే, ఇప్పుడు లేదన్నవాళ్లు. చూశారా, ముందు వరసల్లో పెద్దవాళ్లంతా ఉందన్నారు, వెనక కూర్చున్న పిల్లలు లేదన్నారు. పిల్లలదే సరైన జవాబు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల, సూర్యలంక అన్నీ బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. మన జిల్లా పటంలో ఇప్పుడు సముద్ర తీరం లేదు. నేను చదువుకున్న రోజుల్లో 'గుంటూరు జిల్లా రేవు పట్టణం ఏది' అని మాస్టారు అడిగితే 'నిజాంపట్నం' అని ఒక్క గొంతుతో అరిచేవాళ్లం. ఆ జవాబు ఇప్పుడు తప్పయింది. నాకు అందులో బాధ లేదు గానీ, జవాబుతో పాటు ఊరిని కూడా మరిచిపోతామేమోనని భయం. అందుకే ఈ ప్రసంగానికి నిజాంపట్నాన్నే ఎంచుకున్నాను.

మా అమ్మమ్మ వాళ్లది రేపల్లె పక్కన ఒక పల్లె. ఎండాకాలం సెలవులకు అక్కడికి వెళ్లేవాళ్లం. తెనాలి నుంచి వచ్చే రైలు రేపల్లెలో ఆగిపోతుంది. అక్కడి నుంచి ముందుకు పట్టాలు లేవు. ఆ పట్టాల చివర నిలబడి 'దీని తర్వాత ఏముంది?' అని అడిగితే తాతయ్య చెయ్యి దక్షిణం వైపు చూపించి 'బురద, మడ, సముద్రం' అన్నాడు. మడ అంటే ఉప్పునీటి బురదలో పెరిగే చెట్ల అడవి. ఆయన చెప్పిన వరస ఎంత కచ్చితమైనదో నాకు జంతుశాస్త్రం పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక గానీ తెలియలేదు.

ముందు బురద సంగతి చెబుతాను.

కృష్ణమ్మ మహాబలేశ్వరం దగ్గర పుట్టి దాదాపు 1,400 కిలోమీటర్లు నడిచి మన దగ్గరికి వస్తుంది. దారి పొడవునా దక్కను నల్లరేగడి నేలలను కడుగుతూ వస్తుంది. బెజవాడ కొండల మధ్య నుంచి బయటపడ్డాక ఇక వాలు లేదు. వేగం తగ్గుతుంది, మోసుకొచ్చిన మట్టిని దించేస్తుంది. దాన్నే మనం ఒండ్రు అంటాం. మన తెనాలి, కొల్లిపర, రేపల్లె పొలాలన్నీ అలా దించిన మట్టే. పులిగడ్డ దగ్గర నది చీలుతుంది. అవనిగడ్డ దాటాక ఇంకా చీలి పాయలు పాయలుగా సముద్రంలో కలుస్తుంది. ఆ పాయల మధ్య భూమి దివిసీమ. పడమటి ఒడ్డున ఉన్నది రేపల్లె, నిజాంపట్నం ప్రాంతం.

ఆ చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ఒకసారి వినండి. అడవులదీవి, లంకెవానిదిబ్బ, సూర్యలంక, నది అవతల నాగాయలంక, హంసలదీవి. దీవి, లంక, దిబ్బ. ఈ పేర్లు పెట్టినవాళ్లు తమ కాళ్ల కింద నేల ఎలా పుట్టిందో చూసి పెట్టారు. నీళ్ల మధ్య తేలింది దీవి, ఏటి మధ్య మేట వేసింది లంక, ఇసుక పోగుపడింది దిబ్బ. దాదాపు ఆరువేల ఏళ్ల కిందట సముద్రపు ఒడ్డు ఇప్పటికన్నా చాలా లోపలికి ఉండేది. పాత ఒడ్డుల గుర్తులు, ఇసుక దిబ్బల వరసలు, ఇప్పుడు వరిపొలాల మధ్య కనిపిస్తాయి. కాలవ తవ్వేటప్పుడు గవ్వలు బయటపడ్డాయని మీలో కొందరు విని ఉంటారు. అది వింతేమీ కాదు, అక్కడ ఒకప్పుడు అలలు విరిగేవి.

నిజాంపట్నం రేవు దగ్గర నిలబడితే మీకు సముద్రం కనిపించదు. ఇది తెలియక వెళ్లినవాళ్లు నిరాశపడి వస్తారు. సూర్యలంకలో లాగా ఇసుక, అలలు, ఐస్‌క్రీం బండ్లు ఉంటాయనుకుంటారు. ఇక్కడ కనిపించేది ఉప్పునీటి కాలువ, దాని నిండా మరపడవలు, ఆరబెట్టిన వలలు, చేపల వాసన, కాలువకు అటూ ఇటూ పచ్చటి మడ. సముద్రం ఆ మడ వెనకాల ఉంది. పటాల్లో దాన్ని నిజాంపట్నం అఖాతం అంటారు. చిన్న ఊరు, కానీ బంగాళాఖాతంలో ఒక మూలకు తన పేరు ఇచ్చింది. కృష్ణ తెచ్చిన మట్టితో నేల సముద్రంలోకి పొడుచుకుపోయి, దాని పడమట పక్కన నీళ్లకు కాస్త నీడ దొరికింది. అలల జోరు తక్కువ, లోతు తక్కువ. సన్నటి బురద అక్కడ దిగి నిలుస్తుంది. బురద నిలిచిన చోట మడ మొలుస్తుంది.

మడ అడవి గురించి నేను ఎంతసేపైనా మాట్లాడతాను, మీరు గడియారం చూసుకోండి.

మామూలు చెట్టును ఉప్పునీటిలో పెడితే వారంలో వాడిపోతుంది. మడ చెట్టు ఆ నీళ్లే తాగి బతుకుతుంది. కొన్ని జాతులు ఉప్పును వేరు దగ్గరే ఆపుతాయి. కొన్ని లోపలికి తీసుకుని ఆకుల మీదికి తోసేస్తాయి. నల్లమడ, తెల్లమడ ఆకు తుంచి చూస్తే పైన ఉప్పు పలుకులు కనిపిస్తాయి, నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. కానీ పిల్లలూ, తెలియని చెట్టు ఆకు మాత్రం నోట్లో పెట్టకండి. అదే అడవిలో తిల్ల చెట్టు ఉంటుంది. దాని కొమ్మ విరిస్తే తెల్లటి పాలు కారతాయి. కంట్లో పడితే చూపుకు ప్రమాదం. కట్టెల కోసం వెళ్లేవాళ్లు కూడా దాని జోలికి పోవడానికి భయపడతారు.

ఇక వేళ్లు. బురదలో గాలి ఉండదు. అందుకని మడచెట్టు చుట్టూ నేలలోంచి వందల కొద్దీ వేళ్లు పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి నిలబడి ఉంటాయి. అవి ఊపిరి పీల్చుకునే వేళ్లు. పోటు వచ్చినప్పుడు మునుగుతాయి, పాటు తీసినప్పుడు తేలి గాలి తీసుకుంటాయి. ఆ వేళ్ల మధ్య నీటి వేగం తగ్గి మరింత బురద దిగుతుంది. అంటే బురద మడను పెంచుతుంది, మడ బురదను ఆపుతుంది. రెండూ కలిసి నేలను కడతాయి. ఈ ఊరిని రాజులు కట్టలేదు, కంపెనీలు కట్టలేదు. ఒండ్రు కట్టింది, మడ కాపాడింది.

ఆ వేళ్ల మధ్య ఏముంటాయో చెప్పాలి. రొయ్య పిల్లలు అక్కడే పెరుగుతాయి. పండుగప్ప పిల్లలు అక్కడే దాక్కుంటాయి. మన ఇళ్లలో ఇష్టంగా వండుకునే మండపీత ఆ బురదలో బొరియ చేసుకుని ఉంటుంది. యానాదులు ఆ బొరియ మూతి చూసి లోపల పీత ఉందో లేదో చెప్పేస్తారు. ఇనప కొక్కెం లోపలికి పోనిచ్చి, పీత డెక్కలు తగలకుండా ఒడుపుగా బయటికి లాగుతారు. ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పిన నేను ఆ బొరియల్లో తేడా కనిపెట్టలేను. వాళ్లకున్న ఆ విద్యను మనం ఏ కాలేజీలోనూ నేర్పడం లేదు, నేర్పాల్సింది.

ఒకసారి నాకు జరిగింది చెబుతాను. మడ అడవి చూద్దామని చిన్న పడవ మీద కాలువలోకి వెళ్లాను. పడవ నడిపే ఆయన ముందే చెప్పాడు, 'మాస్టారూ, ఈ రోజు పున్నమి, పాటు బాగా లాగుద్ది, పెందలాడే తిరిగొచ్చేద్దాం' అని. నేనే ఇంకొంచెం, ఇంకొంచెం అని లోపలికి తీసుకెళ్లమన్నాను. కాసేపటికి నీళ్లు దిగిపోయి పడవ బురదలో కూర్చుంది. మళ్లీ పోటు వచ్చేదాకా కదల్లేదు. ఆయన కంగారు పడలేదు. తిథిని బట్టి లెక్క వేసి నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పాడు. అమావాస్యకు, పున్నమికి పెద్ద పోటు, అష్టమి దగ్గర చిన్న పోటు, రోజురోజుకీ ముప్పావుగంట పైన ఆలస్యం. గడియారం లేకుండా ఆయన చెప్పిన టైముకే నీళ్లు వచ్చాయి.

ఆ మధ్యలో నాలుగు గంటలు మేం అక్కడే ఉన్నాం. నా జీవితంలో నేను చదువుకున్న మంచి పాఠాల్లో అదొకటి. నీళ్లు దిగిన బురద మీద ముందు చిన్న పీతలు వచ్చాయి. మగదానికి ఒక డెక్క ఒంటికి మించి ఉంటుంది, దాన్ని ఊపుతూ ఆడపీతను పిలుస్తుంది. ఒక రకం చేప రెక్కల మీద నడుస్తూ, గెంతుతూ బురద మీద తిరిగింది. నీళ్లు లేకపోయినా ఒళ్లు తడిగా ఉన్నంతసేపు అది బతుకుతుంది. తర్వాత పిట్టలు దిగాయి. ఉల్లంకి పిట్టలు గుంపులు గుంపులుగా. పొట్టి ముక్కు పిట్ట పైపొరలో పురుగును ఏరుకుంటుంది, పొడుగు వంపు ముక్కు పిట్ట లోతుగా గుచ్చి తీసుకుంటుంది. ఒకే బురద మీద ఒకదాని నోటికాడ కూడు ఇంకొకటి లాక్కోకుండా అన్నీ తింటాయి. వాటిలో చాలావరకు చలికాలంలో ఉత్తరాన మంచు దేశాల నుంచి వచ్చినవే. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి దిగేది ఈ బురద మీదే.

సాయంత్రం వెలుగు తగ్గుతుండగా పడవాయన చెయ్యి ఎత్తి మాట్లాడొద్దని సైగ చేశాడు. ఎదురు ఒడ్డున మడ మొదట్లో ఒక పిల్లి. మన ఇంటి పిల్లికి రెండింతలు ఉంటుంది. బూడిద రంగు మీద నల్ల చుక్కలు, పొట్టి తోక. నీళ్ల అంచున కూర్చుని కదలకుండా చూస్తోంది. ఒక్కసారి పంజాతో నీటిని తట్టింది. మళ్లీ ఆగింది. తర్వాత తల ముంచి చేపతో పైకి లేచి అడవిలోకి వెళ్లిపోయింది. నీటిపిల్లి. బావురుపిల్లి అని కూడా అంటారు. నేను పుస్తకాల్లో బొమ్మ చూపించి పాఠం చెప్పడమే గానీ, అంతకు ముందు కళ్లతో చూడలేదు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

పిల్లి అంటే నీళ్లకు భయం అనుకుంటాం కదా. ఈ పిల్లికి వేళ్ల మధ్య కొంత చర్మం ఉంటుంది. బొచ్చు రెండు పొరలు, లోపలి పొర ఎంత ఒత్తుగా ఉంటుందంటే నీళ్లు ఒంటికి తగలవు. గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, అందుకే బురదలో దాని అడుగుజాడల్లో గోళ్ల గుర్తులు పడతాయి. ప్రపంచంలో ఈ జంతువు ముప్పున్న జాతుల పట్టికలో ఉంది. మన దేశ చట్టంలో పులికి ఎంత రక్షణ ఉందో దీనికీ అంతే, మొదటి షెడ్యూల్. కృష్ణా అభయారణ్యం అని దాదాపు 195 చదరపు కిలోమీటర్ల మడ అడవిని రక్షిస్తున్నారు. నదికి రెండు వైపులా ఉంది అది. నీటిపిల్లి అందులో ముఖ్యమైన జంతువు. నీటికుక్కలు, నక్కలు కూడా ఉన్నాయి. కానీ పిల్లికి అభయారణ్యం హద్దు తెలియదు. బయట రొయ్యల చెరువుల గట్ల మీద కూడా తిరుగుతుంది. అక్కడ దాన్ని చూసి ఎవరూ కొట్టకుండా ఉండాలంటే, దాని గురించి తెలిసి ఉండాలి. 'చిరుతపులి పిల్ల వచ్చింది' అని భయపడి చంపిన సందర్భాలు మన రాష్ట్రంలో విన్నాం.

ఇక చరిత్ర. ఇది మడకు, బురదకు సంబంధం లేనిదనుకోకండి.

తీరం వెంట నైరుతిగా పోతే చీరాల దాటాక మోటుపల్లి ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ ఒక అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల సరుకును రాజులు లాగేసుకునేవారు. అలా ఇకపై జరగదని, నిర్ణయించిన సుంకం, ముప్పయ్యో వంతు, తప్ప ఇంకేమీ తీసుకోనని ఆయన వ్యాపారులకు మాట ఇచ్చాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చినవాడి దగ్గర దోచుకోవడం అన్యాయం అని రాజు రాతి మీద చెక్కించడం నాకు చాలా గొప్ప సంగతిగా అనిపిస్తుంది. తీరం సంగతి తెలిసిన రాజు మాత్రమే అలా రాయించగలడు. ఈ తీరంలో ఓడ మునగడం ఎంత మామూలో ఆయనకు తెలుసు.

నిజాంపట్నం పేరు బయటి ప్రపంచానికి బాగా తెలిసింది ఆ తర్వాత, గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో. విదేశీయులు ఈ రేవును పెటపోలి అని రాసుకున్నారు. పక్కనున్న పెద్దపల్లె పేరే వాళ్ల నోట్లో అలా మారిందని పాత గెజిటీరు చెబుతుంది. 1606లో డచ్చివాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611లో 'గ్లోబ్' అనే ఇంగ్లీషు ఓడ వచ్చింది. కెప్టెన్ ఆంథొనీ హిప్పన్. ముందు పులికాట్ వెళ్తే అక్కడ డచ్చివాళ్లు వ్యాపారం చేయనివ్వలేదు. అక్కడి నుంచి పైకి వచ్చి పెటపోలి దగ్గర లంగరు వేసి, కొందరిని దించి, తర్వాత మచిలీపట్నం వెళ్లారు. మద్రాసులో కోట కట్టడానికి ఇంకా దాదాపు 28 ఏళ్లు ఉంది. తూర్పు తీరంలో ఇంగ్లీషు కంపెనీ వ్యాపారం మొదలైన చోటు ఈ బురద రేవు. మన పిల్లలకు మద్రాసు, కలకత్తా పేర్లు చెబుతాం, దీన్ని చెప్పం.

వాళ్లు ఇంత దూరం ఎందుకొచ్చారు? గుడ్డ కోసం. జావా, సుమత్రా, మొలక్కా దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివాళ్లు వెండి కన్నా మన తెలుగు నేత బట్టలను ఇష్టపడేవారు. ముఖ్యంగా ఎర్ర రంగు వేసినవి, అద్దకం చేసినవి. ఆ ఎరుపు ఎక్కడిది? చిరివేరు అనే చిన్న మొక్క వేళ్ల నుంచి. అది సముద్రం పక్కన ఇసుక నేలల్లో పెరుగుతుంది. గవ్వలు నలిగి కలిసిన నేలలో సున్నం ఎక్కువ. ఆ సున్నం వేరులోకి చేరితే రంగు ముదురుతుంది, ఉతికినా పోదు. పెటపోలి చుట్టుపక్కల దొరికే చిరివేరుకు అప్పటి వర్తకుల రాతల్లో మంచి పేరుంది. ఇప్పుడు ఆలోచించండి. పాత సముద్రపు ఒడ్డుల ఇసుకదిబ్బలు అన్నాను కదా, ఆ గవ్వల ఇసుకే ఈ రంగుకు బలం. నేల లేకపోతే వేరు లేదు, వేరు లేకపోతే ఎరుపు లేదు, ఎరుపు లేకపోతే ఆమ్‌స్టర్‌డామ్ నుంచి, లండన్ నుంచి ఓడలు ఇక్కడికి రావు. చరిత్ర పుస్తకంలో రాజుల పేర్లు, సంధుల తేదీలు ఉంటాయి. వాటి కింద ఉన్న మట్టిని కూడా చదవాలని నా కోరిక.

తేదీలు కూడా ఒకటి రెండు చెప్పి వదిలేస్తాను. డచ్చివాళ్లు పదిహేడో శతాబ్దంలోనే వెళ్లిపోయారు. 1759లో ఇంగ్లీషు కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల నుంచి బందరు కోట గెలిచాక, హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ మచిలీపట్నంతో పాటు నిజాంపట్నాన్నీ ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు. అప్పటికే వ్యాపారం మద్రాసు వైపు మళ్లింది. పెద్ద ఓడలు లోతు లేక దూరంగా ఆగాల్సిందే. ఏ ఒండ్రు ఊరిని కట్టిందో ఆ ఒండ్రే పెద్ద ఓడలను దూరం పెట్టింది. ఊరు మళ్లీ చేపల ఊరైంది. నేను దాన్ని పతనం అనుకోను.

ఇప్పుడు ఉప్పెన గురించి చెప్పాలి. ఇక్కడున్న పెద్దవాళ్లు చాలామందికి అది పుస్తకంలో విషయం కాదు.

1864 నవంబరు 1న బందరు మీద ఉప్పెన వచ్చింది, 30 వేల మంది దాకా పోయారు. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10 వేల మంది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లను సముద్రం ఊడ్చేసింది. కొన్నిచోట్ల నీళ్లు ఐదు మీటర్ల ఎత్తున వచ్చాయి. మా అమ్మమ్మ ఊళ్లో ఆ రాత్రి గాలికి తాటిచెట్లు మొదళ్లకు విరిగాయి. తెల్లారాక కాలవలో ఏం కొట్టుకొచ్చాయో అమ్మమ్మ ఒక్కసారే చెప్పింది, ఆ తర్వాత ఎప్పుడడిగినా చెప్పలేదు. నేను కూడా ఇక్కడ చెప్పను.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. లోతు లేని సముద్రం మీద గాలి నీటిని తోస్తే ఆ నీటికి కిందికి పోయే దారి ఉండదు, గోడలా ఒడ్డు మీదికి లేస్తుంది. మన తీరంలో ఉప్పెన ఇంత ఎత్తున రావడానికి ఈ లోతు తక్కువ సముద్రం, చదునైన నేల పెద్ద కారణం. బురద ఇచ్చిన తీరానికి బురదతో వచ్చిన ప్రమాదం ఇది. దానికి అడ్డంగా ప్రకృతి నిలబెట్టింది మడను. మడ ఉప్పెనను పూర్తిగా ఆపుతుందని నేను చెప్పను, అది అబద్ధం. కానీ అలల జోరును తగ్గిస్తుంది, గట్టును కోసుకుపోకుండా పట్టుకుంటుంది.

మనుషులు కూడా నేర్చుకున్నారు. 1990 మే 9న అంతే బలమైన తుఫాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. అప్పుడు ముందే హెచ్చరించి లక్షన్నర మందికి పైగా తరలించారు. మరణాలు వెయ్యి లోపే. ఒక్క ప్రాణం పోయినా పోయినట్టే, అయినా 1977తో పోల్చండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. పంటలు పోయాయి. ప్రాణనష్టం మాత్రం పాత ఉప్పెనలతో పోల్చే స్థాయిలో లేదు. ఫోనులో వచ్చిన హెచ్చరికను పట్టించుకుని వల ఒడ్డుకు లాగిన ప్రతి మత్స్యకారుడూ, ఇల్లిల్లూ తిరిగి జనాన్ని షెల్టర్‌కు తరలించిన ప్రతి ఉద్యోగీ అందుకు కారణమే.

ఇప్పటి పరిస్థితి. ఇక్కడ నాకు నిజంగా టెన్షన్ ఉంది.

1855లో బెజవాడ ఆనకట్ట వచ్చింది, 1957లో ప్రకాశం బ్యారేజీ. వాటి వల్లే మన అన్నం. తర్వాత పైన నాగార్జునసాగర్, శ్రీశైలం, ఆలమట్టి. నీళ్లు ఆగిన ప్రతి చోటా మట్టి కూడా ఆగుతుంది. ఇప్పుడు సముద్రానికి చేరే ఒండ్రు ఒకప్పటితో చూస్తే చాలా తక్కువ. ఒండ్రు రాని డెల్టాను అలలు కొరుకుతాయి. కృష్ణ ముఖద్వారం దగ్గర కొన్నిచోట్ల తీరం వెనక్కి వస్తోంది. మడకు కూడా మంచినీళ్లు కావాలి. పూర్తి ఉప్పులో పెరిగే జాతులు కొన్నే, మిగతావి నది నీరు కలిస్తేనే బాగుంటాయి. బ్యారేజీ గేట్లు దాటి సముద్రంలో కలిసిన నీటిని పేపర్లలో 'వృథాగా పోయిన నీళ్లు' అని రాస్తారు. ఆ మాట చదివిన ప్రతిసారీ నాకు కష్టంగా ఉంటుంది. అవి రొయ్యపిల్లకు, మడకు, నీటిపిల్లికి వెళ్లిన నీళ్లు. రైతు ఎండిన పొలం ముందు నిలబడి ఉన్నప్పుడు ఆ నీటి మీద ఆశపడటం తప్పు కాదు. కానీ వృథా అనే మాట మాత్రం తప్పు.

రెండోది రొయ్యల చెరువులు. 1990ల మొదట్లో అందరూ చెరువులు తవ్వారు. డబ్బు వచ్చింది, తర్వాత తెల్లమచ్చ జబ్బు వచ్చి ఎంతోమంది అప్పుల పాలయ్యారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు చెరువుల మీద గట్టి తీర్పు ఇచ్చింది. 2005లో దీనికి విడిగా చట్టం వచ్చింది. 2009 నుంచి వెనామి అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి ఇచ్చాక మళ్లీ చెరువులు పెరిగాయి. రొయ్య మీద బతికే కుటుంబాలు మా చుట్టాల్లోనే ఉన్నాయి, వాళ్లను తప్పుపట్టడానికి నేను రాలేదు. నేనడిగేది ఒకటే, మడ కొట్టి చెరువు తవ్వొద్దు. ఆ మడలోనే సముద్రపు రొయ్య పిల్లలు పెరుగుతాయి. చెరువు రైతుకు గట్టు నిలబడాలన్నా ముందు మడ ఉండాలి.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. వెళ్లాలనుకునేవాళ్లు డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, పడవలన్నీ రేవులోనే ఉంటాయి. పిట్టలు చూడాలంటే పాటు వేళ వెళ్లండి. అంత దూరం వెళ్లలేనివాళ్లు మన ఉప్పలపాడు చెరువుకైనా వెళ్లండి. అక్కడి గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను కాసేపు ఓపిగ్గా చూడటం అలవాటైతే, నిజాంపట్నంలో ఏం చూడాలో మీకే తెలుస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి. వెనక ఆ పాప చెయ్యి ఎత్తింది. చెప్పమ్మా.

సముద్రపు తాబేలు పిల్లలను మనం చూడొచ్చా అంటోంది. మంచి ప్రశ్న. నేను మరిచిపోయాను చూడు. చూడొచ్చమ్మా. ఆలివ్ రిడ్లే అనే తాబేళ్లు జనవరి నుంచి మార్చి మధ్య రాత్రిపూట ఇసుక ఒడ్డుకు వచ్చి గుంట తవ్వి వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతాయి. మళ్లీ వెనక్కి చూడవు. కుక్కలు, నక్కలు తవ్వేయకుండా అటవీశాఖవాళ్లు, ఊళ్లో కుర్రవాళ్లు ఆ గుడ్లు తీసి కంచె వేసిన చోట మళ్లీ పాతిపెడతారు. ఇసుక వేడిని బట్టి ఆడదా మగదా తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడవి ఎక్కువ. తల్లి తాబేళ్లకు పెద్ద ప్రమాదం వల. తాబేలు మనలాగే గాలి పీల్చే ప్రాణి, మరపడవ వలలో ఇరుక్కుని పైకి రాలేకపోతే ఊపిరాడక చచ్చిపోతుంది. వలకు తాబేలు బయటపడే దారి అమర్చే చట్రం ఉంది. దాన్ని వాడే పడవలు పెరగాలి. కూర్మావతారం అని దండం పెట్టి వలలోంచి వదిలిపెట్టే మత్స్యకారులను నేను చూశాను.

నువ్వు చూడాలంటే గుడ్లు పాతిన యాభై రోజులకు, తెల్లవారకముందే వెళ్లాలి. అక్కడివాళ్లను అడిగి వాళ్లతోనే వెళ్లాలి. టార్చిలైటు వెయ్యకూడదు, ఫోన్ ఫ్లాష్ అసలే వద్దు. తాబేలు పిల్లలు వెలుగు ఎటుంటే అటు నడుస్తాయి. రాత్రిపూట ఒడ్డు మీద కన్నా సముద్రం మీద వెలుగు ఎక్కువ, అందుకే అటు వెళ్తాయి. మన లైటు చూస్తే దారి తప్పి ఊరి వైపు వస్తాయి. చేతితో ఎత్తి నీళ్లలో వెయ్యకూడదు, వాటంతట అవే నడవాలి. మాట్లాడకుండా కూర్చుని ఇసుక వైపే చూస్తూ ఉండు. ముందు ఒక చోట ఇసుక కొంచెం కుంగుతుంది. ఏమీ లేదనుకుంటావు. కాసేపు ఆగితే ఆ గుంటలో నుంచి నీ బొటనవేలంత తల ఒకటి బయటికి వస్తుంది.